జేబులో పల్లికాయ పొట్టు

నారాయణఖేడ్‌లో కంగ్టి బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీట్లో యాభై దాటిన ఒకాయన ఉడికించిన పల్లికాయలు ఒలుచుకు తింటూ నాకూ గుప్పెడు పెట్టాడు. ఏదో ఆఫీసులో అటెండరట. నేను అడగకముందే కొత్తగా వచ్చిన సారును తిట్టడం మొదలుపెట్టాడు.

"ఏంది, బాగ తిడ్తడా?" అన్నాను.

"తిడితే మంచిగుండేది అన్నా. పాత సారు రోజూ తిడుతుండె. తిట్లు పడి ఇంటికి పోయి, కడుపునిండ తిని పండుకుంటుంటి. గీయన చాయ్ తాగి గ్లాసు ఆయనే కడుక్కుంటడు. ఇగ ఆఫీసంత గ్లాసులు పట్టుకొని నల్లా కాడ లైను."

"మంచిదే కదా?"

"ఏం మంచి? మొన్న మనూర్‌కు పోయే కవరు నేను కంగ్టికి పంపిన. పైనుంచి ఫోనొస్తే, తప్పు తనదే అన్నడు సారు. నా పేరు తియ్యలే. నన్నొక మాట గూడ అనలే. అప్పటిసంది నాకు అన్నం సయిస్తలేదు. ప్రతి కవరు మళ్ల మళ్ల సూసి పంపుతున్న. పాత సారున్నప్పుడు గీ పరేషాన్ లేకుండె."

దారిలో తన ఊరు రాగానే లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. సీటు కింద తను పడేసిన పొట్టు వైపు చూసి, సారును మళ్లీ ఒకసారి తిట్టి, వంగి అంతా ఏరి చొక్కా జేబులో పోసుకుని దిగిపోయాడు.

నా కాళ్ల దగ్గరా పొట్టు ఉంది. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. తర్వాత నేనూ వంగాను.

ఇప్పటికీ బట్టలు నానబెట్టేటప్పుడు నా జేబులో పొట్టు దొరికితే మా ఆవిడ నన్ను తిడుతుంది. నేను, ముఖమైనా చూడని ఆ సారును తిట్టుకుంటాను.