పన్నెండు పలకల మీద సూర్యనమస్కారాలు

మా ఊరి గ్రంథాలయంలో సూర్యనమస్కారాల మీద నాలుగు పుస్తకాలున్నాయి. నాలుగూ చదివాను. పొద్దస్తమానం నేల మీద కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగించే ఆడమనిషి సంగతి ఒక్కదానిలోనూ లేదు. మార్కాపురంలో మాలాంటివాళ్లం ఇంకా ఉన్నాం, మాకూ నడుములున్నాయి. అందుకే, ఏడో తరగతితో బడి మానేసినదాన్నయినా, నేను చేసిన పొరపాటుతో సహా ఇది రాసి పెడుతున్నాను.

మా పనిలో కూర్చోవడానికే ఒక పద్ధతి ఉంది. ఎడమకాలు మడిచి కిందేసుకుంటాం, కుడి మోకాలు నిలబెడతాం, ఆ మోకాలికి పలకను ఆనించి చట్రం బిగిస్తాం. ఇరవై రెండేళ్లు అట్లే కూర్చున్నాను. రెండేళ్ల కిందట నడుము పట్టేసింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ కూర్చోలేకపోయేదాన్ని. ఎముకలకేం కాలేదు, కండరాలు బిగుసుకున్నాయి, మెల్లగా వ్యాయామం చేసుకో అన్నారు డాక్టరు.

మా మేస్త్రీ మంచివాడే. అయినా ఎన్నాళ్లు ఆగుతాడు? "వదినా, సగం రోజే కూర్చుంటే నేనేం చేసేది? దసరా దాకా చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే నీ చోట్లో ఇంకొకరిని కూర్చోబెట్టాల" అన్నాడు. నాకు వేరే పని రాదు. పైగా ఆ పనంటే నాకు ఇష్టం.

గ్రంథాలయం నుంచి సూర్యనమస్కారాల పుస్తకం ఒకటి తెచ్చి, అందులోని పన్నెండు బొమ్మలనూ, అంచు విరిగితే పక్కన పడేసిన పన్నెండు పలకల మీద బలపంతో గీశాను. మిద్దె మీద పిట్టగోడకు వరసగా ఆనించాను. మా దగ్గర పన్నెండు పలకలైతే ఒక కట్ట. కట్ట కడితే పనైపోయినట్టే. పన్నెండో బొమ్మ కాగానే నా చెయ్యి దానంతటదే పుస్తకం మూసేసింది. మర్నాడే వాపసు ఇచ్చేశాను.

రోజూ ఎండ సుర్రుమనకముందే మిద్దె ఎక్కేదాన్ని. మొదటి వారం వంగితే చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయేవి. రెండు నెలలకు పాదాలు అందాయి. లేస్తూ ఊపిరి పీల్చడం, వంగుతూ వదలడం కుదిరాక ఒళ్లు తేలికైంది, నిద్ర బాగా పట్టింది. నడుము ఎడమపక్క మాత్రం అట్లే పీకేది. దసరా నెలన్నరలోకి వచ్చేసింది.

పక్క మిద్దె ఆపా మా ఫ్యాక్టరీలోనే కట్టలు కడుతుంది. నేను ఆమెను ఉర్దూ వరసలో, అక్కా అన్నట్టు, ఆపా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు. ఒకరోజు బట్టలారేస్తూ ఆగి చూసింది.

"ఏందక్కా, రోజూ కుడికాలే ఎనక్కి పంపిస్తున్నావ్. ఎడమకాలితో మాటల్లేవా?"

"పుస్తకంలో అట్లే ఉంది. చదివే చేస్తున్నా."

"చదివినావులే. పనిలో మడిచి పెట్టేది ఆ కాలే కదా. ఈడ కూడా దాన్ని కూర్చోబెట్టినావు."

"పన్నెండుకు పన్నెండూ ఉన్నాయి, లెక్కపెట్టుకో."

"కట్టలు కట్టేదానికి లెక్కలు చెప్తావా?"

ఆమెకు చూపించి నోరు మూయిద్దామనే గ్రంథాలయానికి పోయాను. పన్నెండో బొమ్మ దాటి పేజీ తిప్పితే రెండే వాక్యాలు: ఈసారి ఎడమకాలు వెనక్కి వేసి మొదటి నుంచి మళ్లీ చేయాలి, రెండూ కలిస్తేనే ఒక ఆవృత్తి. నాలుగు పుస్తకాలూ చదివానన్నది ఆ తర్వాతి మాట. అప్పటికి ఒక్కదాన్ని కూడా చివరి దాకా చదవలేదు.

మర్నాడు ఎడమకాలు వెనక్కి వేస్తే తొడ మొదట్లో గుంజి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపా నవ్వలేదు. "మెల్లగా, మెల్లగా" అంది. వారం వారం ఆ గుంజుడు తగ్గింది. దసరా ముందురోజు సాయంత్రం బెల్లు కొట్టేదాకా నా చోట్లోనే కూర్చున్నాను. మేస్త్రీ పండగ తర్వాతి పనికని ఇంకో మోపు చట్రాలు నా పక్కన దింపించి పోయాడు.

నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం రాయను. వానాకాలం పలకరిస్తుంది. కానీ గోడ పట్టుకోకుండా లేస్తున్నాను.

పేర్లు రాస్తే సిగ్గుపడతారు కాబట్టి వరసలతోనే చెప్తున్నాను. ఒకే పుస్తకం రెండోసారి అడిగినా కసురుకోని గ్రంథాలయం సారుకు, దసరా దాకా ఆగిన మేస్త్రీకి, ఆ నెలలన్నీ పొద్దున టీ తానే పెట్టి నాకూ ఒక గ్లాసు ఉంచిన మా ఇంటాయనకు, తనకన్నా చదువుకున్నదాన్నని జంకకుండా తప్పు చెప్పిన ఆపాకు నా కృతజ్ఞతలు.