బండికి దమ్ము

మా నాయన నన్ను కొట్టింది తక్కువ. ఆయన బడిపంతులు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడు. కోపంతో చెయ్యి లేచినా మధ్యలోనే ఆగిపోయేది. ఆ లోటంతా నంద్యాలలో మా ఉస్తాద్ తీర్చాడు. డెబ్బైల చివర్లో ఆయన షెడ్డులో ఆటోల పని నేర్చుకున్నాను. మీసాలొచ్చిన వాణ్ణని కూడా చూడకుండా స్పానరుతో కొట్టేవాడు, చైనుతో కొట్టేవాడు, ఏదీ అందకపోతే ఉత్త చేతులతో కొట్టేవాడు.

ఆనాటి ఆటోకు ఇంజన్ డ్రైవరు సీటు కిందే ఉండేది. రేడియేటరు లేదు, నీళ్లు లేవు. సిలిండరు చుట్టూ లోహపు రెక్కలు, వాటికి తగిలే గాలి, అంతే. వేడి చూపించే మీటరు కూడా లేదు. "బండికి మీటర్ లేకపోతే ఏమిరా, నీకు చర్మం లేదా?" అంటూ ఉస్తాద్ ఒకరోజు నా అరచేతిని పట్టి, అప్పుడే ఆపిన సిలిండరు మీద అదిమాడు. "యాది పెట్టుకో. ఇంత కాలితే బండి సస్తాది." తోలు ఊడొచ్చింది. పదిహేను రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాను. ఆ పదిహేను రోజులూ ఆయన్ను ఎట్లా చంపాలా అనే ఆలోచించాను.

కానీ ఆ తర్వాత వేడి గురించి నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ముందు కాలి పిక్కలు చెప్పేవి. తర్వాత ముక్కు, మాడిన ఆయిల్ వాసన పట్టేది. ఆఖరున చెవులు. గుండ్రంగా పలికే ఇంజన్, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసినట్టు గలగలమనేది. అది వినబడిందంటే ఇంకో రెండు మైళ్ల ఆయుష్షు. వెంటనే ఆపి, సీటు ఎత్తి, గాలికి ఎదురుగా పది నిమిషాలు నిలబెట్టాలి. దాన్ని ఉస్తాద్ బండికి దమ్ము ఇవ్వడం అనేవాడు. ఆటోవాళ్ల నోళ్లలో పడి అది 'దమ్ము కొట్టడం' అయింది. బీడీ పీల్చడానికీ మా వైపు అదే మాట. ఏది బీడీనో, ఏది బండో మాలో మాకు తెలిసిపోయేది.

తర్వాత నేను ఆళ్లగడ్డకు మారి, అక్కడ సొంతంగా ఆటో తోలాను. నిజం చెప్పాలంటే వేడెక్కడంలో బండి కంటే నేనే అధ్వాన్నం. కోయిలకుంట్లకు పోతూ ఒకాయన నా సీటు వెనక కాలు పెట్టి తన్నినందుకు, దింపి చెంప పగలగొట్టాను. ఆయన తప్పేం లేదు, కాలు తిమ్మిరెక్కిందట.

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం. శిల్పుల వీధి పక్కన ఆటో పెట్టుకుని కూర్చున్నాను. ఉలి చప్పుళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. తలెత్తి చూస్తే ఒకాయన తన తమ్ముణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తుకొస్తున్నాడు. పక్క పల్లె రైతులు, ముఖాలు తెలిసినవాళ్లే. పొలం గట్టు తగాదాలో తమ్ముణ్ణి వేటకొడవళ్లతో నరికారు. ఒక వేటు భుజం మీద, ఒకటి తొడ మీద. ఊళ్లో డాక్టరు గుడ్డలు కట్టి, నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడట. జీపులవాళ్లు తలుపులు వేసుకున్నారు. అన్న చేతిలో కూడా కొడవలి ఉంది. తమ్ముడికి తాపడానికని శిల్పులెవరో బిందెడు నీళ్లు బండిలో పెట్టారు.

"నంద్యాలకు పోనీ. యాడా ఆపద్దు."

శిరివెళ్ల దాటేదాకా బండి బాగానే లాగింది. వెనక నుంచి గాలి, పైన ఎండ. పిక్కలు కాలసాగాయి. వెనక నుంచి కారిన రక్తం నా సీటు కిందికి పాకి ఇంజన్‌కు తగిలి చుయ్‌మంది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మరికొంత దూరం పోయేసరికి గలగల మొదలైంది.

"అన్నా, దమ్ము కొట్టాల. పది నిమిషాలు ఆపుతా," అన్నాను.

కొడవలి పిడి నా చెవి మీద పడింది. "నా తమ్ముడు సస్తాంటే నీకు బీడీ గావాల్నా?"

"నాకు గాదన్నా, బండికి."

వెక్కిరిస్తున్నానని అనుకున్నాడు. ఈసారి పిడి నోటికి తగిలింది. పన్ను ఊడి నాలుక మీదికొచ్చింది. ఇంజన్ కాలిపోతోందన్నా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఎవడికైనా అర్థమయ్యేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. దాన్ని పన్నుతో కలిపి రోడ్డు మీద ఉమ్మేశాను. ఆపొద్దంటావా, ఇదిగో చూడు అని హ్యాండిల్ మీది రేసు చివరిదాకా తిప్పి పట్టుకున్నాను. ఏమవుతుందో తెలిసే తిప్పాను. నా వెనక ఒక మనిషి ప్రాణం పోతోందని ఆ రెండు నిమిషాలు నాకు గుర్తు లేదు. నా చెవి, నా పన్ను, అంతే గుర్తున్నాయి.

నంద్యాల ఇంకో ఏడెనిమిది మైళ్లుందనగా ఇంజన్ కీచుమని పట్టేసింది. బండి రోడ్డు మీద ఈడ్చుకుపోయి ఆగింది. స్టార్టు చేసే లివరు లాగితే కదల్లేదు. అన్న కిందికి దూకి, నన్ను జుట్టు పట్టి బయటికి లాగి, నా సీటు ఎత్తాడు. ఎర్రగా కాగిన ఇంజన్ చూసి, తమ్ముడి కోసం పెట్టిన బిందెలో నీళ్లన్నీ దాని మీద గుమ్మరించాడు. కాలిన లోహం మీద చన్నీళ్లు పడితే ఏమవుతుంది? టప్పున పగిలింది. ఆవిరిలోంచి ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు, భయం ఉంది.

రెండు లారీలు రక్తం చూసి ఆపకుండా పోయాయి. చివరికి ఒక ట్రాక్టరు ఆగింది. ఆసుపత్రిలో డాక్టరు నాడి పట్టుకుని వెంటనే వదిలేశాడు. "అర్ధగంట ముందు తెచ్చింటే," అన్నాడు. అన్న అక్కడే గచ్చు మీద కూలబడి తల నేలకు కొట్టుకున్నాడు. ఇద్దరు కాంపౌండర్లు పట్టినా ఆగలేదు.

మర్నాడు నంద్యాల షెడ్డులో ఉస్తాద్ ఇంజన్ విప్పాడు. చాలాసేపు చూశాడు. "రెక్కలు పగిలింది నీళ్లకు. కానీ అంతకు ముందే పిస్టన్ కరిగి అతుక్కుపోయింది. నీళ్లు పోసినా పోయకపోయినా ఇది కదలదు. ఇంత రేసు ఇచ్చింది ఎవడ్రా?" అని నా ముఖంలోకి చూశాడు. కొడతాడని ఎదురుచూశాను. స్పానరు కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

నెల రోజుల తర్వాత ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఆ అన్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. గడ్డం పెరిగింది, ఒంటి మీద కండ లేదు. నా వాచిన చెవి వైపు చూసి, "తప్పయిపోయిందప్పా," అన్నాడు. తర్వాత అడిగాడు.

"ఒగ మాట జెప్పు. నేను నీళ్లు పోసినందుకేనా బండి పోయింది? పోయకుంటే, సల్లారినాక కదిలేదా?"

కాదు అని చెప్పాలి. నేను చంపాను నీ తమ్ముణ్ణి, నీ మీద కోపంతో, అని చెప్పాలి. ఆయన చేతిలో ఆరోజు కొడవలి కూడా లేదు. అయినా భయపడ్డాను. భయం ఒక్కటే కాదు, నా చెవి ఇంకా నొప్పి పెడుతూనే ఉంది.

"అవునన్నా, కదిలేది," అన్నాను.

ఆయన తల ఊపాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వొకనివన్నా నిజం జెప్పినావప్పా. ఇంట్లో అందరూ నా తప్పు లేదనే అంటాండారు."