మూడో ప్రశ్న కింద ఖాళీ గీత

"ఏమే, ఆ మనిషి పేరు నీకేమన్నా తెలుసా?"

"నాకెట్టా తెలుస్తాది? పక్కన నిలబడి పనిచేసింది మీరా, నేనా?"

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. పప్పు దించడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మా ఆయన కుర్చీలోనే ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. అంత విసురుగా ఎందుకన్నానా అని ఆనాటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా మేనల్లుడు ఇండియా నుంచి పెళ్ళి చేసుకు తెచ్చిన అమ్మాయి. ఇక్కడ దక్షిణాఫ్రికాలో పుట్టిన మావాళ్ళకి తెలుగు తిట్లకీ దణ్ణాలకీ తప్ప మిగల్లేదు, ఇంక రాయడం ఎవరికొస్తుంది? ముందు ఇలా రాసుకుని, తరవాత ఇంగ్లీషులో పెడతానంది. బడిలో ఇవ్వాల్సింది ఇంగ్లీషులోనే.

సంగతంతా బడి దగ్గరే మొదలైంది. తెల్లవాళ్ళ రాజ్యం పోయి, మేమందరం మొదటిసారి లైన్లో నిలబడి ఓట్లు వేసొచ్చిన మరుసటి ఏడాది అది. మా అమ్మాయి కూతురు మా ఇంట్లోనే ఉండి హైస్కూలు చదువుతోంది. చరిత్ర క్లాసులో పాత పుస్తకం పక్కన పెట్టేశారట. తెల్లవాళ్ళ ఓడలు, వాళ్ళ ఎడ్లబళ్ళు, వాళ్ళు గెలిచిన యుద్ధాలు, ఇంతే కదా అందులో ఉండేది. కొత్త పుస్తకం ఇంకా రాలేదు. అందుకని టీచరమ్మ పిల్లల్ని ఇద్దరిద్దరిగా జతకట్టి, ఒకరింటికి ఒకరు వెళ్ళి అక్కడి ముసలివాళ్ళని ఆరు ప్రశ్నలడిగి రాసుకు రమ్మంది. ఏం పని చేశారు, ఎక్కడ ఉండేవారు, ఎవరితో కలిసి పనిచేశారు, ఇలాంటివి. చరిత్రంటే అదేనట. మా ఆయన నవ్వాడు. "మన చెమటకి ఇప్పుడు మార్కులేస్తారంట" అన్నాడు.

మా మనవరాలి జత ఒక జూలూ పిల్ల, ఇక్కడి నల్లవాళ్ళ బిడ్డ. ఆ ఏడే ఆ బడిలో చేరింది. శనివారం పొద్దున్నే సీ కౌ లేక్ అనే పేటలో మా ఇంటికి వచ్చింది. సెలవు రోజైనా ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకునే వచ్చింది. ఈయన కూడా పెళ్ళిళ్ళకి వేసే తెల్ల చొక్కా తీయించుకుని కూర్చున్నాడు.

మౌంట్ ఎడ్జ్‌కోంబ్ పంచదార మిల్లులో పాకం ఉడికే చోట ముప్పయ్యేళ్ళు చేశాడాయన. మా కాపురమూ ఆ మిల్లు బారకాసుల్లోనే, పనివాళ్ళకి కట్టిన వరస గదుల్లో. మొదటి రెండు ప్రశ్నలకీ నోరాగలేదు. ఆ వేడి, ఆ తీపి వాసనకి అన్నం సయించకపోవడం, ఆరేసిన బట్టల మీద చెరకు మసి రాలడం, అన్నీ చెప్పాడు. ఆ పిల్ల గబగబా రాసుకుంది. మూడో ప్రశ్న, పక్కన పనిచేసినవాళ్ళ పేర్లు. మావాళ్ళవి పదిహేను పేర్లు చెప్పాడు, ఇంటిపేర్లతో సహా. ఆ తరవాత, నా పక్కనే ఒక జూలూ మనిషి పద్దెనిమిదేళ్ళు చేశాడు, చాలా మంచోడు, అన్నాడు. ఆ పిల్ల తలెత్తి పేరేమిటని అడిగింది.

ఈయన ఒక వారం పేరు చెప్పాడు. మిల్లులో దొరలు పెట్టిన పేరు అది. జూలూ పేర్లకి నోరు తిరగదని వారాల పేర్లు, సామాన్ల పేర్లు పెట్టేవాళ్ళు. మావాళ్ళూ వాటితోనే పిలిచేవాళ్ళు.

"అది పేరు కాదు తాతా" అంది ఆ పిల్ల, ఇంగ్లీషులో, మెల్లగా. మా మనవరాలిని చూసి తనూ తాతా అనే అంటోంది. "మా తాతకి కూడా అట్లాంటిదే పెట్టారు. ఇంట్లో ఆయనకి వేరే పేరుంది."

ఈయన గాభరాపడ్డాడు. మంచి చేసుకుందామని మిల్లు భాషలోకి దిగాడు. అదే జూలూ అని ఆయన నమ్మకం. తే, మొయ్యి, ఊడ్చు, త్వరగా కానీ అని పనివాళ్ళని తోలడానికి పుట్టిన భాష అది. ఆ భాషలో ఆ పిల్లని కూర్చో, తిను అని బతిమాలాడు. మా మనవరాలు తల దించేసుకుంది. ఆ పిల్ల ఇంగ్లీషులోనే జవాబిచ్చి, మూడో ప్రశ్న కింద గీత ఖాళీగా వదిలి, గుర్తొస్తే చెప్పండి, శుక్రవారానికి ఇవ్వాలి అని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఇల్లంతా తిరగడమే. ఆ మనిషి నా పేరు పూర్తిగా పలికేవాడే, మా నాన్న పేరు కూడా అడిగి తెలుసుకున్నాడే అనుకుంటూ వరండాలోకి, మళ్ళీ లోపలికి. నాలుగో రోజున నన్నడిగాడు. నేనా మాటన్నాను.

టీచరమ్మ మా ఇంటి సంగతి విని గడువు పొడిగించిందట. కర్మ అయ్యాక నేను ఇంట్లో నిలవలేక, ఎవరికీ చెప్పకుండా రెండు టాక్సీలు మారి మౌంట్ ఎడ్జ్‌కోంబ్ వెళ్ళాను. మిల్లు మూసేశారు. మేమున్న బారకాసుల వైపు పెద్ద పెద్ద ఇళ్ళు, కత్తిరించిన గడ్డి, ఒక గేటు. గేటు దగ్గర జూలూ కాపలావాడు రిజిస్టరు తెరిచాడు.

"గోగో, ఎవరి దగ్గరికి?" అన్నాడు. గోగో అంటే వాళ్ళల్లో అమ్మమ్మ.

ఒక మనిషి కోసం అన్నాను. పేరు చెబితే రాసుకుంటానన్నాడు. కలం పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడ్డాడు. ఆ వారం పేరు నా నోటిదాకా వచ్చింది. అతని ముందు చెప్పలేకపోయాను. వెనక్కి తిరిగాను.

టాక్సీలో గుర్తొచ్చింది. బారకాసుల్లో కుళాయి దగ్గర ఒక జూలూ ఆవిడా నేనూ ఏడేళ్ళు ఎదురెదురుగా బట్టలుతికాం. నా కడుపునొప్పికి ఆకు నూరి ఇచ్చింది. ఆవిడ పేరు? ఆయన్ని ఆ మాటన్నాను గాని, ఆ పిల్ల నన్నడిగి ఉంటే నేనేం చెప్పేదాన్ని?

ఆ పిల్ల రేపు మళ్ళీ వస్తుంది. ఆయన బదులు నేను ఇవ్వగలిగింది ఇంతే. ఆ మనిషి పొడగరి. ఎడం బొటనవేలి మీద పాకం కాలిన మచ్చ. మా అమ్మాయి పుట్టినప్పుడు గోనెసంచిలో చేమదుంపలు తెచ్చి, మెట్ల కింద నిలబడి పాపని చూపించమన్నాడు. పేరేం పెట్టారని అడిగాడు. చెప్పాను. తిరిగి నేను అడగలేదు.

పేరు దగ్గర గీత ఖాళీగానే ఉంచు. బాగుండదని ఏదో ఒకటి పెట్టకు. ఇప్పుడు మొదటి నుంచి చదువు, అమ్మాయీ. ఆయన్ని నేనన్న మాట దగ్గర కాస్త నెమ్మదిగా చదువు. అది ఉంచాలో కొట్టేయాలో వింటే గాని తెలీదు నాకు.