అంబలి దాచిన రోజు

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. అభివృద్ధి చెందుతున్న దేశాల పరస్పర సహకారం అనే పాఠం ఏళ్ల తరబడి చెప్పాను. పెద్ద దేశాలు మనల్ని పట్టించుకోవు కాబట్టి పేద దేశాల ప్రభుత్వాలన్నీ కలిసి సంస్థలు పెట్టుకోవాలి, ఒకరికి తెలిసింది ఇంకొకరికి నేర్పుకోవాలి అన్నది దాని సారం. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కనుక పిల్లలు బట్టీ పట్టేవారు. ఆ సహకారం ఒకనాడు కార్లేసుకుని మా వదిన వాకిట్లోకే వస్తుందని నాకు గానీ, సిలబస్ రాసినవాళ్లకు గానీ తెలియదు.

మా అన్నయ్యది శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళ్లే దారిలో చిన్న ఊరు. అక్కడి మెట్టల్లో రాగులు పండుతాయి. మా వైపు వాటిని చోళ్లు అంటాం, మా వదిన నోట్లో అవి సోళ్లు. పండించే ఆడవాళ్లంతా సంఘం పెట్టుకుని వదినను పెద్దను చేశారు. ఆ సంఘానికి ఉన్నది ఒకటే కోరిక, ఊళ్లో పిండి మర. టౌనులో శెట్టిగారి మర ఉంది గానీ, చోళ్లు ఆడితే తర్వాత వచ్చే బియ్యప్పిండి నల్లబడుతుందని ఆయన వారానికొక్క రోజే వాటిని ముట్టుకుంటాడు. ఆ రోజు ఆటో దొరకాలి, కరెంటు ఉండాలి, శెట్టిగారి మనసు బాగుండాలి. ఇవన్నీ కలిసిరాని వారాల్లో తిరగలే గతి. తిప్పి తిప్పి వదిన కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు, కోడలే వేస్తుంది.

అలాంటప్పుడు వ్యవసాయాధికారి వచ్చి చల్లని కబురు చెప్పాడు. నా పాఠంలోలాగే పేద దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ ఒకటి చిరుధాన్యాలు తినే ఊళ్లను చూడటానికి బృందాన్ని పంపుతోందట. నచ్చిన ఊరికి మర ఇస్తారట. వాళ్ల ఇంగ్లీషును మన భాషలోకి, మన భాషను వాళ్ల ఇంగ్లీషులోకి మార్చడానికి మనిషి కావాలి, డబ్బు అడగని మనిషైతే మరీ మంచిది. అందుకు నేను దొరికాను.

ముందురోజే ఊరికి వెళ్లాను. వదిన ఇల్లంతా సున్నం వాసన. కళ్లంలో ఉండాల్సిన చోడి కంకులు కనబడలేదు. తిరగలి మీద పూల దుప్పటి కప్పి ఉంది. అంబలి కుండ వంటింటి వెనక్కి పోయింది.

"ఇదేంటి వదినా? వాళ్లు చూడటానికి వచ్చేదే చోళ్లు కదా!" అన్నాను.

"సూడ్డానికొస్తే సూపిస్తాం మరిదీ. సేను సూపిస్తాం. తినేది సూపిస్తామేటి? ఇంటికొచ్చినోలకి అంబలి పోసినాదంటే నా పరువేటవుతాది? దేశాలు దాటి వస్తన్నారు. సన్నబియ్యం తెప్పించినాను, కోడిని కోయిస్తన్నాను."

"వదినా, నువ్వు అంబలి తాగుతావని తెలిస్తేనే మర ఇస్తారు."

"మర ఇచ్చేవోలకి మరీ అంబలి పోస్తామేటి!" అంది.

మా వైపు అతిథికి అన్నమే పెట్టాలి. అంబలి ఇంట్లోవాళ్లది, పనిమనుషులది, పొలానికి పోయే పొద్దుటిది. అది ఎదుటివాడికి పోస్తే నువ్వు నాకు లెక్క కాదు అన్నట్టే. ఏ విధాన పత్రంలోనూ లేని విధానం ఇది.

మర్నాడు షామియానా కింద కూలర్లు తిరిగాయి. బృందంలో ఒక ద్వీప దేశం పెద్దమనిషి కూలర్ ఎదురుగా కుర్చీ వేసుకుని, వెళ్లేదాకా అక్కడినుంచి కదల్లేదు. బృందం అధ్యక్షుల వారు సహకారం గురించి సుదీర్ఘంగా మాట్లాడారు. తినడానికి విశాఖ హోటలువాళ్లు పంపిన చిరుధాన్యాల బిస్కెట్లు పంచారు. మా ఊరి ఆడవాళ్లు ఒక్కో బిస్కెట్టు కొరికి, మర్యాదగా కొంగుల్లో దాచుకున్నారు.

అధ్యక్షులు అడిగారు, "మీరు పొద్దున్నే ఏం తింటారు?"

సంఘమంతా ఒక్క గొంతుతో, "ఇడ్లీ సార్!"

వెనక నుంచి ఎవరో, "పూరీ కూడా" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంగ్లీషులో ఇడ్లీ అని చెప్పి, నిజానికి వీళ్లు తాగేది చోడి అంబలేనని కలిపాను. అధ్యక్షులు చెయ్యెత్తి, దయచేసి వాళ్లు చెప్పినంతవరకే అనువదించమన్నారు. వదిన నన్ను చూసిన చూపుకు మాత్రం అనువాదం అవసరం లేకపోయింది.

భోజనాలయ్యాక బృందంలో ఒకావిడ చేతులు కడుక్కోవాలంది. తూర్పు ఆఫ్రికా దేశం ఆవిడ. పెరట్లోకి దారి చూపించాను. వంటింటి వెనక మూత పెట్టిన కుండ దగ్గర ఆవిడ ఆగిపోయి, పులిసిన వాసన పీల్చి నవ్వింది. అవే చోళ్లతో తన తల్లి కూడా ఇలాగే కాచేదట. అతిథులొస్తే కుండ దాచేసేదట కూడా. ఆ మాట వదినకు చెప్పాను.

వదిన ముందు సిగ్గుపడింది. తర్వాత స్టీలు గ్లాసు కడిగి అంబలి పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టింది. ఆవిడ గడగడ తాగి గ్లాసు మళ్లీ చాపింది. "సూసినావా, మన మనిసే!" అంది వదిన. ఆవిడ దుప్పటి కింద తిరగలిని కూడా కనిపెట్టి, కూర్చుని నాలుగు చుట్లు తిప్పింది. వదిన పట్టేసిన తన భుజం చూపించింది. మర గురించి తప్పకుండా చెబుతానని ఆవిడ మాటిచ్చింది. నేను ఇన్నేళ్లు చెప్పిన పాఠం కళ్లతో చూసింది ఆ పెరట్లోనే.

సాయంత్రం సమావేశంలో ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఈ ఊరు చోళ్లే తింటోంది, మర అవసరం అంది. అధ్యక్షులు కార్యక్రమ పత్రం తిరగేశారు. అందులో వంటిల్లు లేదు. బృందమంతా కలిసి చూసినదే నివేదికలో రాయాలి, ప్రతి వాక్యానికీ అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. ఒకాయన ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆయన ఇడ్లీ అన్న మాట స్వయంగా విన్నాడు. ఆవిడ గట్టిగా వాదించింది. చివరికి ఆవిడ వాక్యాన్ని, ఇంకా అందరూ ఒప్పుకోని మాటగా, బ్రాకెట్లలో పెట్టారు. తర్వాత బ్రాకెట్లు తీసేశారట, లోపలి వాక్యంతో సహా.

కొన్ని నెలలకు నిర్ణయం వచ్చింది. మా ఊరివాళ్లు చిరుధాన్యాలు మానేశారు కనుక మర వేరే చోటికి పోయింది. మా ఊరికి శిక్షణ వచ్చింది, చోళ్లు తినడం ఎలా అని. తాతకు దగ్గులు నేర్పడానికి మనిషిని పంపుతున్నారు. ఆ శిక్షణకు కావాల్సిన పిండి సంఘమే సమకూర్చాలని మరో ముక్క. ఆ వారం శెట్టిగారి మర పని చెయ్యలేదు. వదిన, కోడలు కలిసి తిరగలి తిప్పారు. ఎడమ చేత్తో తిప్పుతున్న వదినను చూస్తే నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

శిక్షణ రోజు నేనూ వెళ్లాను. నేర్పడానికొచ్చిన కుర్రాడు మంచివాడే. తెర మీద బొమ్మలు చూపించి, మా వదినకు అంబలి కాచడం ఓపికగా నేర్పాడు. వదిన శ్రద్ధగా తలూపింది. చివర్లో అతను పిండిని వేళ్ల మధ్య నలిపి ఆశ్చర్యపోయాడు.

"ఎంత మెత్తగా ఉందమ్మా! ఎక్కడాడించారు? ఇక్కడ మర సదుపాయం ఉందో లేదో కూడా మేం రాసి పంపాలి."

సంఘమంతా వదిన వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను.

"శెట్టిగారి మర బాబూ. దగ్గిరే. ఇలాగెల్తే అలాగాడించేత్తాడు," అంది వదిన.

అతను రాసుకున్నాడు.

బయటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "ఎందుకలా చెప్పావు వదినా? నీ నోటితో నువ్వే మర పోగొట్టుకున్నావు కదా!"

"మరేటి సెప్పమంటావు? సేత్తో తిప్పుకుంటన్నామని సెప్పమంటావా?" అంటూ వదిన ఖాళీ పిండి గిన్నె ఎడమ చంకకు మార్చుకుంది. "ఇంటికొచ్చిన మనిసి. బాదపడడేటి?"