గుడియాత్తం బస్సులో కాగితాల సంచి మనిషి

వైద్య పరీక్షల కోసం తిరుపతి నుంచి వేలూరు వెళ్ళాను. ఫలితాలు మర్నాటికి గానీ రావన్నారు. గదిలో కూర్చుని భయపడేకంటే గుడియాత్తం వెళ్ళి నేత లుంగీలు చూసి వద్దామనుకున్నాను. ఒంటిగంటకు వేలూరు బస్టాండులో బస్సెక్కాను. టిక్కెట్టు ముప్పై చిల్లర రూపాయలు, ప్రయాణం గంట పైచిలుకు.

ముందు సీట్లో అరవై దాటినవాళ్ళిద్దరు కూర్చున్నారు. ఒకాయనకు చూపు లేదు. రెండో ఆయన ఒళ్ళో ఆస్పత్రి కాగితాల సంచి. నలుగురైదుగురు రోగులు ఆయన్ని పిలిచి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడుగుతున్నారు. కొందరికి తమిళంలో, కొందరికి తెలుగులో ఓపిగ్గా చెబుతున్నాడు. మధ్యలో నీళ్ళ సీసా మూత తీసి చూపులేని ఆయన చేతికి అందించాడు. నాకూ ఒక మురుకు ఇచ్చాడు. వారానికి రెండుసార్లు ఊరివాళ్ళను పెద్దాసుపత్రిలో చూపించి తెస్తాడనీ, పైసా పుచ్చుకోడనీ కండక్టరు చెప్పాడు.

ముచ్చటేసి చూపులేని ఆయన్ని అడిగాను, "మీ తమ్ముడా?"

"తమ్ముడా! నా కండ్లు తీసినోడమ్మా."

పరాచికమనుకుని నవ్వాను. సంచి పట్టుకున్నాయన నవ్వలేదు.

"నిజమేమ్మా. నేను కాసిన సారాయిలో స్పిరిట్టు కలిపినా. ఐదుగురు సచ్చిపోయినారు. ఈ అన్నకు చూపు పోయినాది. పదమూడేండ్లు జైల్లో ఉండినా."

"విషమని మీకు తెలియదు కదా?" ఆయన తరఫున సాకు నేనే వెతికాను.

"మొదట తెలీదు. పొద్దున ఒకడు పడిపోయినాడని తెలిసినాక కూడా, మిగిలింది మధ్యాన్నం దాకా అమ్మినా."

చేతిలో మిగిలిన మురుకును రుమాల్లో చుట్టేశాను. చూపులేని ఆయన్ని అడిగాను, మరి ఈయనతో ఎలా వస్తున్నారని.

"కొడుకులు పనికి పోతారమ్మా. నాకు వారానికి రెండు తూర్లు డయాలసిస్ ఉండాది. తోడు యాడ దొరుకుతాది? మూడేండ్లుగా వీడు ఒక్కనాడు తప్పలేదు. అట్లని మన్నించినా అనుకోవద్దు. వీడి చెయ్యి పట్టుకున్నప్పుడల్లా ఒళ్ళు మండతాది."

పక్కనే కూర్చుని సంచి ఆయన అంతా విన్నాడు.

గుడియాత్తంలో దిగాక ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళిపోయారు. బస్టాండు ముందు పూలమ్మే ఆమె వాళ్ళను చూడగానే ముఖం తిప్పుకుంది. మీకూ ఆ సంచి ఆయన తెలుసా అన్నాను.

"ఆ ఐదుగురిలో నా మొగుడొకడమ్మా. పోయినేడు నా కోడలికి కాన్పు కష్టమైతే వేలూరికి ఎత్తుకపోయి, రక్తం ఇచ్చింది కూడా వాడే. బిడ్డ బాగుండాది. వాడితో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలే. ఏమని మాట్లాడేది?"

నేతవీధిలో రెండు లుంగీలు కొన్నాను. ఏ రంగువి ఎంచుకున్నానో గదికి వచ్చి విప్పేదాకా గుర్తు లేదు.

ఘోరం చేసినవాడు తర్వాత పదిమందికి పనికొస్తాడా అని ఎవరైనా అడిగితే, ఇదివరకైతే పనికిరాడనే వాదించేదాన్ని. ఇప్పుడు పనికొస్తాడనే చెబుతాను, కళ్ళారా చూశాను గనుక. కానీ ఆ మేలు పొందినవాళ్ళే ఆయన్ని మన్నించలేదు. మన్నించమని ఆయనా అడగడం లేదు. బయటినుంచి వచ్చిన నేను మాత్రం ఒక్క గంటలో ఆయన్ని మెచ్చుకున్నాను, అసహ్యించుకున్నాను. ఆ రెండింటికీ నాకు హక్కు లేదేమో.

ఆ వైపు నుంచి వేలూరికి వైద్యానికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఉదయం ఆరులోపు గుడియాత్తం బస్టాండుకు చేరితే సీటు దొరుకుతుంది. కాగితాల సంచితో ఆయన కనిపిస్తే సాయం అడగండి. ముందు ఆయనెవరో తెలుసుకుని, ఆ తర్వాత అడగండి.