పెద్దబాపు అటు కూర్చున్న రోజు

మొన్న నిజామాబాద్ బస్టాండ్ ఎదుటి హోటల్లో చాయ్ తాగుతుంటే, గోడమీది టీవీలో అంతర్జాతీయ క్రీడల ప్రారంభోత్సవం వస్తోంది. దేశాలు వరుసగా నడిచిపోతున్నాయి. పెద్ద దేశాల గుంపులు పోయాక, పూల చొక్కాలు వేసుకున్న ఓ చిన్న బృందం జెండా పట్టుకుని వచ్చింది. నేను గ్లాసు పక్కన పెట్టి, "వీళ్ళు మావాళ్ళే" అన్నాను. పక్కన కూర్చున్నాయన టీవీ వైపు, నా వైపు, మళ్ళీ టీవీ వైపు చూసి, మా జిల్లావాళ్ళేమో అన్నట్టు, "మోర్తాడ్ దిక్కోళ్ళా?" అని అడిగాడు. ఏమని చెప్పను? సముద్రం అవతలి మనుషులు మావాళ్ళెలా అయ్యారో నాకే చాలాకాలం అర్థం కాలేదు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవాణ్ణి. రైసు మిల్లుల్లో తేమ మీటర్లు, తూకం యంత్రాలు సరిచేయడం నా పని. లెక్కలో తేడా వస్తే మూడు చోట్ల వెతుకుతాను: యంత్రంలో, తీగలో, చూసే మనిషిలో. మా పెద్దబాపు లెక్కలో వచ్చిన తేడా మాత్రం ఆ మూడింట్లోనూ దొరకలేదు.

ముందు మా ఊరి హోళీ గురించి చెప్పాలి. మాది బోధన్ దగ్గర ఊరు. కామదహనం మర్నాడు సాయంత్రం చావడి ముందు అడ్డంగా లావుపాటి తాడు కడతారు. మగవాళ్ళు అటు కొందరు, ఇటు కొందరు నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో గుద్దుకుంటారు. కాసేపయ్యాక దెబ్బలకు కాముని బూడిద పూసుకుని అలాయిబలాయి అంటూ కౌగిలించుకుంటారు. దీనికి ఒక్కటే నియమం. ఒకవైపు మంది తక్కువైతే, ఎక్కువున్న వైపు నుంచి ఎవరో ఒకరు తాడు కింద దూరి అటు పోవాలి. అటు పోయినవాడు సొంత తమ్ముణ్ణి గుద్దాల్సి వచ్చినా సరే. మా పెద్దబాపు, అంటే నాన్న వాళ్ళ అన్న, ఏటా అలా దూరేవాడు. మా నాన్న ముక్కు కొంచెం ఎడమకు ఒరిగి ఉండటానికి కారణం ఆయనే. ముక్కు పగిలిన ఆ రాత్రే ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారట.

పెద్దబాపు కూతురు, మా అక్క, కుస్తీ పడుతుంది. చెరుకు పోయి వరి వచ్చిన మా పొలం గట్టుమీద మొదటి పట్టు నేర్పింది పెద్దబాపే. కానీ ఆమె పోటీ ఒక్కటీ ఆయన కళ్ళారా చూడలేదు. నీళ్ళ వంతు ఉంది, బర్రె ఈనేలా ఉంది, ఏదో ఒకటి అడ్డొచ్చేది. అక్క మొదటిసారి దేశం తరఫున ఆడటానికి పోయినప్పుడు ప్రారంభోత్సవం మా ఇంట్లోనే చూశాం. పసిఫిక్ సముద్రంలోని ఓ చిన్న దీవి బృందం ఇవే పూల చొక్కాల్లో వచ్చింది. ఐదుగురే: కుస్తీ పిల్ల, ఈతగాడు, పరుగు పందెపు కుర్రాడు, కోచ్, మేనేజర్. పెద్దబాపు కుర్చీలో ముందుకు జరిగాడు.

"మిగిలినోళ్ళు ఎనుకొస్తున్నరార?"

"గంతే పెద్దబాపూ. అయిపోయింది."

"దేశం మొత్తంల గీ ఐదుగురేనా? పాపం, ఈళ్ళెంబడి ఎవ్వరు లేరు గదరా."

దేశం పేరు నోరు తిరగక "దీవోళ్ళు" అన్నాడు. మా ఇంట్లో ఆ పేరే నిలిచింది. మర్నాటి నుంచి ఈత చూసినా పరుగు చూసినా ఆయన దీవోళ్ళ వైపే. ఈతగాడు అందరికంటే చివర ఒడ్డు చేరితే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వాడకట్టు వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఎవరికి ఎవరు ఎదురో తేల్చే డ్రా వచ్చింది. అక్కకు మొదటి కుస్తీ దీవి పిల్లతోనే.

ఆ రోజు ఫోన్ని తీగతో టీవీకి కలిపింది నేనే. గది నిండా మనుషులు. పెద్దబాపు కుర్చీ ఎత్తుకుని ఎదుటి గోడకు, బీరువా పక్కన వేసుకున్నాడు.

"సొంత బిడ్డ కుస్తీ పడుతుంటె అటు కూసుంటవా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది పెద్దమ్మ.

"దానికి మీరింత మంది ఉన్నరు గదనే. గా పిల్లకెవరున్నరు?"

"పటేలా, ఈడ నువ్వు మొత్తుకుంటె గా పిల్లకు ఇనబడ్తదా?" అన్నాడు పక్కింటాయన.

"మీరు మొత్తుకుంటె నా బిడ్డకు ఇనబడ్తుందా మరి?"

కుస్తీకి కొంచెం ముందు అక్క వీడియో కాల్ చేసింది. "అందరు వచ్చిండ్రారా?" అంటే, చూపిద్దామని తీగ ఊడదీసి ఫోన్ గదంతా తిప్పాను. బీరువా దగ్గర ఫోన్ ఆగింది.

"బాపు గాడెందుకు కూసున్నడు?"

పెద్దమ్మ చెప్పేసింది. అక్క "సరే" అని పెట్టేసింది. అది ఎలాంటి "సరే"నో గదిలో ఎవరికీ అంతుపట్టలేదు.

ఒక్క పాయింటు తేడాతో అక్క గెలిచింది. గదంతా ఎగిరింది. పెద్దబాపు కూడా లేచాడు గానీ, చేతులు చప్పట్లకు ఎత్తి అలాగే నిలిపేశాడు. "ఇప్పుడు నేను గెలిచిన్నా, ఓడిన్నా?" అని నన్నే అడిగాడు. ఆ తర్వాతి కుస్తీలో అక్క ఓడిపోయింది.

సాయంత్రం ఫోన్ చేసి, స్పీకర్ పెట్టమంది.

"బాపూ, నువ్వు లెక్కవెట్టింది మనింట్ల. ఈడి హాల్ల లెక్కవెట్టలే. దీవోళ్ళు నలుగురికి నలుగురు వచ్చి గా పిల్ల కోసం గొంతులు పోయేటట్టు ఒర్రిండ్రు. పక్క మ్యాట్ మీద మనోళ్ళ పెద్ద కుస్తీ ఉండె, అందరు గాడికే పోయిండ్రు. నాయెంబడి కోచ్ ఒక్కడే. మంది తక్కువున్నది నా దిక్కే."

నేను రికార్డింగ్ మళ్ళీ వేసి చూశాను. కెమెరా తిరిగినప్పుడు పూల చొక్కాలు కనిపించాయి. అక్క వెనక కుర్చీలన్నీ ఖాళీ. మనిషి సరైనవాడే, నియమమూ సరైనదే. మీటరు పెట్టిన చోటు తప్పు.

పెద్దబాపు అందరి ముందూ పొరపాటు ఒప్పుకోలేదు. జాతీయ పోటీలు పుణెలో అని తెలిశాక మాత్రం నీళ్ళ వంతు మా నాన్నకు అప్పజెప్పి, నన్ను తోడు తీసుకుని రైలెక్కాడు. హాల్లో సగానికి పైగా అక్కడి పిల్ల కోసం వచ్చినవాళ్ళే, మరాఠీలో హోరెత్తిస్తున్నారు. పెద్దబాపు కూర్చోలేదు. పోయి మ్యాట్‌కు దగ్గరి కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. అక్క తలెత్తి చూసింది. ఆ రోజూ ఓడింది.

తర్వాత మెడలో తువాలుతో పైకొచ్చి ఆయన పక్కన కూర్చుంది. పెద్దమ్మ కట్టిచ్చిన సకినాలు ఇద్దరి మధ్య విప్పి పెట్టాను.

"ఈడ గూడ నీ దిక్కే తక్కువున్నరు బిడ్డా," అన్నాడు.

"అందుకే వచ్చినవా? ఎక్కువుంటె అటు పోదువా?"

పెద్దబాపు సకినం విరిచి సగం ఆమెకిచ్చాడు. చాలాసేపు నమిలాడు.

"ఇగ నేను మందిని లెక్కవెట్టను తీయ్," అన్నాడు.

అక్క నవ్విందో, తువాలుతో కళ్ళు తుడుచుకుందో, పక్కనే ఉండి కూడా నేను పోల్చుకోలేకపోయాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పాయింట్లు, ఆ గెలుపోటములు నా తలలో ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారన్నది మాత్రం కాలం ఇంకా చెరపలేదు.