వెనక్కి రాని గాలం

నా చిన్నప్పుడు కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో గొంతులో చేపముల్లు గుచ్చుకోని మనిషంటూ ఉండేవాడు కాదు. దానికి అందరికీ ఒకటే మందు. గట్టిగా పిసికిన అన్నం ముద్దని నమలకుండా మింగితే ముద్దతో పాటు ముల్లూ దిగిపోతుంది. ఊహ తెలిసినప్పటినుంచీ నేనూ అలాగే మింగుతూ వచ్చాను. అందుకే ఆ రోజు మా పిల్లి చొంగ కారుస్తూ, ముందు కాలితో బుగ్గ గీరుకుంటూ ఉంటే నేనేమీ ఆలోచించలేదు. వంటింట్లోకి పరిగెత్తి ముద్ద చేసుకొచ్చాను.

అసలు ఆలోచించడమనేది నా ఒంట్లోనే లేదు. ఇంట్లో ఏం జరిగినా నా చేతులు ఊరుకునేవి కావు. కాలుగాలిన పిల్లి అని మా నాయనమ్మ వెక్కిరించేది. ఆ పూట నిజం పిల్లి పొయ్యి పక్కన మెలికలు తిరుగుతుంటే నేను ముద్ద పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాను. రోజూ నా పక్కలో పడుకునే పిల్లి అది. చచ్చిపోతుందేమోనని ఆ ముద్దనే ఇంకా ఇంకా పిసుకుతున్నాను. నాయనమ్మ ఆముదం పోద్దామంది. తాతయ్య గేదెలకి మందు పోసే వెదురు గొట్టం తెచ్చాడు.

అప్పుడే పక్కింటి అక్క వచ్చింది. మిషన్ బడిలో పంతులమ్మ. పిల్లి అరుపులు విని, వేళ్ళకి సుద్ద అంటుకుని ఉండగానే వచ్చేసింది. గొట్టం చూసి, "నూనె పోయకండి బాబాయిగారూ, మింగలేనిదానికి పోస్తే ఊపిరిలోకి పోద్దండీ" అంది. నా చేతిలో ముద్ద తీసి కాకులకి వేసింది. దండెం మీది పాత దుప్పటి లాగి, పిల్లిని వెనకనుంచి ఎత్తి, నాలుగు కాళ్ళూ లోపలికి పోయేలా చుట్టేసింది. తల మాత్రం బయటికి ఉంచింది. నోట్లో వేలు పెట్టలేదు. వెలుగు వైపు తిప్పి, అది నోరు తెరిచినప్పుడల్లా వంగి చూసింది. నాలుక పక్కనుంచి సన్నటి దారం వేలాడుతోంది.

అది మా తాతయ్య గాలం దారం. కొర్రమీనుల కోసం చేపపిల్లల్ని ఎర గుచ్చి గాలాలు అరుగు మీద పెట్టాడు. ఆ వాసనకి పిల్లి వెళ్ళి మింగబోయింది. తాతయ్య ముఖం నల్లబడింది. "గట్టిగా పట్టుకో అమ్మాయ్, ఒక్క లాగు లాగితే వచ్చేద్ది" అని చెయ్యి చాపాడు. నాకూ అదే నయమనిపించింది. ఏదో ఒకటి వెంటనే అయిపోవాలి నాకు.

అక్క పిల్లిని గుండెకి హత్తుకుని పక్కకి జరిగింది. "వెనక్కి రాకూడదనే కదండీ బాబాయిగారూ, గాలం కొనకి ఆ ఎదురుముల్లు పెట్టిస్తారు మీరు" అంది.

తాతయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ ముల్లు మీదే బతికిన మనిషి ఆయన. చేప గింజుకునే కొద్దీ గాలం ఇంకా దిగుతుందని నాకు చెప్పింది కూడా ఆయనే. కంగారులో ఆ సంగతి ఆయనకే తోచలేదు.

ఇది ఇంట్లో అయ్యే వైద్యం కాదనీ, ఏలూరు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలనీ అక్క చెప్పింది. పిల్లికి ఆసుపత్రేంటని నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. తాతయ్య అప్పటికే గెడ అందుకుని తాటిదోనె కట్టేసిన వైపు నడిచాడు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. కొల్లేరు నిండుగా ఉంది. కిక్కిస గడ్డిని చీల్చుకుంటూ తాతయ్య దోనె నడుపుతున్నాడు. అక్క దుప్పటి మూటని నా ఒళ్ళో పెట్టి, నా రెండు చేతులూ దాని మీద వేసి, "వదలకు, నొక్కకు. అంతే నీ పని" అంది. అంతకంటే కష్టమైన పని నాకు జీవితంలో ఎవరూ చెప్పలేదు. దాహమేస్తోందేమో నీళ్ళు పోద్దామన్నాను. వద్దంది. దారం కత్తిరిద్దామన్నాను. కొస లోపలికి పోతే డాక్టరుగారికి గాలం దొరకదంది. పోనీ పాట పాడనా అన్నాను. నెమ్మదిగా అయితే పాడమంది. నా అరచేతుల కింద పిల్లి గుండె దడదడా కొట్టుకుంటోంది. తాతయ్య వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా దోనె పక్కకి పోయేది. ఒడ్డు ఎంతకీ రాదు. నాకు ఏడుపొచ్చేసింది. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి, అందుకని తుడుచుకోలేదు.

ఆసుపత్రి ఆవరణ నిండా ఎద్దులూ గేదెలూ. మూటలోంచి పిల్లి తల కనబడగానే రైతులు పకపకా నవ్వారు. "ఏంటి తాతా, పిల్లిని నాగలికి కడతావా?" అన్నాడొకడు. మా తాతయ్య ఎవరిచేతా మాట పడే రకం కాదు. ఆ రోజు మాత్రం తలెత్తలేదు. డాక్టరుగారు బయటికొచ్చి ఏమిటని అడిగితే, "పిల్లండీ. మా ఇంట్లోదండీ. గాలం నాదేనండీ" అన్నాడు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

డాక్టరుగారు నవ్వలేదు. ఏమైనా తినిపించారా అని అడిగారు. లేదన్నాం. దారం లాగారా అన్నారు. లేదండీ అని అందరికంటే ముందు నేనే అరిచాను. "అయితే ఆశ ఉంది" అంటూ లోపలికి పట్టుకెళ్ళారు. మత్తుమందు ఇచ్చి, గాలాన్ని ముందుకే తోసి, బుగ్గలోంచి బయటపడ్డ కొనని కత్తిరించి, మిగిలిన కాడని నోట్లోంచి తీశారట. అదంతా తర్వాత తెలిసింది. అప్పుడైతే తలుపు మూసేశారు, నా చేతుల్లో ఏమీ లేదు. ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

తిరిగి చూస్తే అక్క మెట్టు మీద కూర్చుని ఉంది. చేతులు కొంగులో దాచుకుంది. ఎప్పుడో పోయిన సుద్దని ఆ కొంగుకి తుడుస్తూనే ఉంది. భయమేస్తోందా అక్కా అని అడిగాను. "పొద్దుటినుంచీ" అంది. చిన్నప్పుడు వాళ్ళ తమ్ముడి అరచేతిలో గాలం దిగితే ఎవర్నీ పిలవకుండా తనే లాగేసిందట. వాడి చూపుడువేలు ఇప్పటికీ ముడుచుకోదట. ఆ మాట చెప్పి నా తల నిమిరింది.

పిల్లి బతికింది. మళ్ళీ నా పక్కలోనే చాలా కాలం పడుకుంది. తాతయ్య గాలాలు ఇంటి దూలానికి వేలాడదీయడం మొదలుపెట్టాడు.

నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక, మా చిన్నవాడు ఆడుకుంటూ చింతగింజ ముక్కులోకి దూర్చుకున్నాడు. అత్తగారు తలపిన్ను తెచ్చారు. పొరుగావిడ నశ్యం పీలిస్తే తుమ్ముతో వచ్చేస్తుందంది. నా చేతులూ ఊరుకోనన్నాయి, వేలు పెట్టి తీసేద్దామా అనిపించింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, నేనూ ముట్టుకోలేదు. వాణ్ణి దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బండి కట్టించమన్నాను. గింజ ఆసుపత్రిలోనే బయటపడింది.

వాడికిప్పుడు జుట్టు నెరిసింది. మా అమ్మకి భయమంటే ఏంటో తెలీదని మనవలకి గొప్పగా చెబుతుంటాడు. ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళే దారి పొడుగునా వాడి ముఖం వంక చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.